ఆముదం పోసిన చేతులు

"ఆముదం నాదే బాబూ. కాదని నానెప్పుడన్నాను?"

లాకప్పు గదిలో గోడకి చేరబడి కూర్చున్న అప్పలనర్సమ్మ తల ఎత్తకుండానే అంది. అరవై దాటిన మనిషి. చీర కొంగు మీద నూనె మరకలు ఇంకా ఆరలేదు. ఆ కొంగుతోనే ఆమె నిన్న ఒక చచ్చిపోయిన మనిషి మొహం తుడిచింది.

డిటెక్టివ్ పరబ్రహ్మం ఊచలకి ఇవతల స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ ఉదయమే కలకత్తా నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో రైలు దిగాడు. అతన్ని పిలిపించినవాడు ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం ఆంధ్ర మిత్ర బృందం సెక్రటరీ గణపతిరావు. ట్రంకు కాల్లో చెప్పినది ఇంతే: "మా బేండు మాస్టారిని ఎవరో చంపేశారు. పోలీసులు ఆయన వంటమనిషిని పట్టుకుపోయారు. ముసల్ది, మా తెలుగు మనిషి. మీరు వచ్చి తీరాలి."

చనిపోయిన బేండు మాస్టారు తెలుగువాడు కాదు, బెంగాలీ కాదు. ఇటలీవాడు. పేరు రినాల్ది. ముప్ఫయ్యయిదేళ్ళ క్రితం ఈ రైల్వే ఊరికి వచ్చి, వర్క్‌షాపు కార్మికుల పిల్లలకి క్లారినెట్టూ డ్రమ్మూ నేర్పుతూ ఇక్కడే ఉండిపోయాడు. నిన్న మధ్యాహ్నం తన ఇంట్లో, తన కుర్చీలో, గొంతునిండా ఆముదంతో చచ్చిపడి ఉన్నాడు.

"సీసా ఎక్కడ పెట్టేదానివి?" అడిగాడు పరబ్రహ్మం.

"బొగ్గుల గదిలో. ఇంట్లో ఎట్టనిచ్చీవోరు కాదు మాస్టారు. ఆ వాసనొస్తే సాలు, డోకు. నా మోకాళ్ళకి రాసుకునీ సీసా దొంగసొమ్ములాగ దాసుకునీదాన్ని."

"అక్కడుందని ఇంకెవరికి తెలుసు?"

"బేండు కుర్రోళ్ళకి తెల్సు. డోళ్ళ తోలు పటకాలకి రాస్తారు కదేటి, మెత్తబడతాదని. ఆలే వొచ్చి తీసుకునీవోరు."

"నిన్న ఏం జరిగింది? మొదటినుంచీ చెప్పు."

అప్పలనర్సమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "సేపలకని ఇందా పేట బజారుకెల్లినాను. తిరిగొచ్చీసరికి మద్దినేళ సైరన్ మోగతంది. తలుపు జారేసుంది. కుర్సీలో ఉన్నారు బాబూ. ఒక సెయ్యి బెల్టుతోటీ, ఒక సెయ్యి మఫ్లరుతోటీ కుర్సీకి కట్టీసి ఉన్నాయి. మెడ ఎనక్కి వాలిపోయింది. గెడ్డం మీదా సొక్కా మీదా ఆముదమే."

"కట్లు నువ్వే విప్పావా?"

"మరలగే ఒగ్గీమంటావేటి? ఇప్పినాను. మొకం తుడిసినాను. పానముందేమోనని పిలిసినాను. పలకనేదు."

"చూశారా?" అంటూ వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ ఘోషాల్. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఖరగ్‌పూర్ ఠాణాలో ఏళ్ళ తరబడి ఉండడంతో తెలుగు కొంత అర్థమవుతుంది, మాట్లాడేది మాత్రం హిందీలోనూ ఇంగ్లీషులోనూ. "కట్టేసి ఉన్నాడని చెప్పేది ఆమె ఒక్కతే. కట్లు విప్పింది ఆమె. మొహం తుడిచింది ఆమె. ఆముదం ఆమెది. ముందురోజు ముసలాయనతో పోట్లాడింది కూడా ఆమే. పక్క క్వార్టర్ వాళ్ళు కేకలు విన్నారు. మీరు కలకత్తానుంచి రావలసినంత కేసు కాదిది, పరబ్రహ్మం మొశాయ్."

"అయితే మీ లెక్క ఏమిటి?"

"ముసలాయనకి కడుపు బిగిసింది. ఈమె పంతంపట్టి ఆముదం పట్టింది. అది గాలిగొట్టంలోకి పోయింది. భయపడి కథ అల్లింది. డాక్టరు కూడా ఊపిరాడక గుండె ఆగిందనే అన్నాడు."

పరబ్రహ్మం స్టూలు ఊచలకి దగ్గరగా జరుపుకున్నాడు. అప్పలనర్సమ్మ వైపు వంగి, "ఎందుకు పోట్లాడుకున్నారమ్మా?" అన్నాడు.

ఆమె పెదవులు బిగించింది.

"చెప్పకపోతే ఆయన మాటే నిజమవుతుంది."

"ఒట్టేయించుకున్నారు మాస్టారు. ఆదివారం దాకా ఎవులికీ సెప్పకూడదని."

"ఆదివారానికి మాస్టారు ఎక్కడున్నారమ్మా?"

"ఆయన నేరు. ఒట్టుంది."

ఘోషాల్ నవ్వాడు. పరబ్రహ్మం నవ్వలేదు. ఈ ముసలమ్మ నోరు బలవంతంగా తెరిపించడం తన వల్ల కాదని తెలుసుకుని దారి మార్చాడు. "ఆయనకి ఆముదం వాసన ఎందుకంత పడదు?"

ఈసారి ఆమె కళ్ళెత్తింది. ఆ కథ చెప్పడం ఆమెకి ఇష్టమని ఆ చూపులోనే తెలిసింది.

"కుర్రతనంలో ఆయన దేశంలో నల్ల సొక్కాలోళ్ళని బయల్దేరినారంట. మాస్టారు కూలోళ్ళకి పాటలు నేర్పుతున్నారని ఆలకి కోపం. ఒకనాడు ఇంటిమీద పడి, కుర్సీలో కూకోబెట్టి, ముక్కు నొక్కీసి నోట్లో సీసాడు ఆముదం పోసీసినారంట. ఆ పైని వీదిలో నడిపించినారంట, ఆ బట్టల్తోటే. ఊరు ఊరంతా నవ్విందంట బాబూ. ఎన్నిసార్లు సెప్పినా ఏడిసీవోరు. 'నర్సమ్మా, కళ్ళజోడు కిందడిపోతే ఆ కళ్ళెలగున్నాయో తెల్సా, తల్లిని ఎతుక్కునీ దూడ కళ్ళలాగ' అనీవోరు."

"ఎవరి కళ్ళు?"

"మాస్టారియ్యే. ఇంకెవులియి?"

పరబ్రహ్మం ఆమె మొహంలోకి చూసి, స్టూలు మీదనుంచి లేచాడు.

ఠాణా వరండాలో గణపతిరావు ఎదురుచూస్తున్నాడు. నలభయ్యేళ్ళ మనిషి, రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఇస్త్రీ మడత చెదరని తెల్ల పంట్లాము, తెల్ల టోపీ. అతని వెనక మెట్లకి అటూ ఇటూ బృందం వాలంటీర్లు ఇద్దరు కర్రల్లా నిలబడి ఉన్నారు. ఊళ్ళో పెళ్ళికి బేండు వాయించాలన్నా, అగ్నిప్రమాదమైనా ముందు పరిగెత్తేది ఈ వాలంటీర్లేనని రైలు దిగినప్పటినుంచీ పరబ్రహ్మం వింటూనే ఉన్నాడు.

"ఏం చెప్పిందండీ ముసల్ది?"

"చెప్పినదానికంటే దాచినది ఎక్కువ."

గణపతిరావు టోపీ సర్దుకుని, "పెద్దది, భయపడి ఉంటుంది. వదిలేయండి," అన్నాడు. "అసలువాడు స్టేషన్ రిఫ్రెష్‌మెంట్ రూములో కాఫీ తాగుతున్నాడండీ. బెల్లాంది అని ఇటలీ ఇంజనీరు. ఎవరో ప్రైవేటు కంపెనీవాళ్ళ మెషిన్లు బిగించడానికి వచ్చాడట. మొన్న మాస్టారి ఇంటికి వెళ్ళాడు. వాడు వెళ్ళాక మాస్టారు అన్నం ముట్టలేదు. ఇంకేం కావాలి మీకు? ఆ నల్ల చొక్కాలవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, మొదలెట్టిన పని పూర్తిచేశారు. వాడు ఊరు దాటకుండా మా కుర్రాళ్ళని కాపలా పెట్టాను."

"ముందు ఇల్లు చూస్తాను," అన్నాడు పరబ్రహ్మం.

*

మాస్టారి క్వార్టరులో గది చిన్నది. పసుపు వెల్ల వేసిన గోడలు, ఎర్ర సిమెంటు నేల, మధ్యలో బరువైన టేకు కుర్చీ. ఘోషాల్ కూడా వెంట వచ్చాడు. పరాయి ఊరి డిటెక్టివ్‌ని ఒంటరిగా వదలడం అతనికి ఇష్టంలేదు.

"మీ మనుషులు నేల తుడిచారా?"

"నేను అంత తెలివితక్కువవాణ్ణా?"

"తుడవనందుకు థాంక్స్."

పరబ్రహ్మం మోకాళ్ళమీద కూర్చున్నాడు. కుర్చీ చేతుల కింద వార్నిష్ ఒరుసుకుపోయింది. ఎడమచేతి కింద బెల్టు బకిల్ నొక్కిన గీత లోతుగా ఉంది. కట్టిన మనిషి గింజుకుంటే తప్ప అంత లోతుగా పడదు. వేలితో చూపించాడు. ఘోషాల్ వంగి చూశాడు.

"కట్టేసి ఉన్నాడన్నది ఆమె అల్లిన కథ అనే కదా మీరన్నది? నిజంగానే కట్టేశారనడానికి ఇది చాలా?"

"ఆమే కట్టి ఉండొచ్చుగా."

"ఆయన బరువెంత? ఈమె బరువెంత?"

ఘోషాల్ సిగరెట్టు వెలిగించుకున్నాడు.

పరబ్రహ్మం కుర్చీ చుట్టూ నెమ్మదిగా పాకాడు. ఎర్ర నేలమీద తెల్లటి మరకలు కనిపించాయి. కుర్చీ వెనక ఒకచోట, కుడిపక్క ఒకచోట, ఎదురుగా ఒకచోట. మునివేళ్ళమీద నిలబడి బలం తీసుకున్నప్పుడు రాసుకుపోయినట్టున్నాయి. వేలితో తీసి నలిపాడు. మెత్తని సుద్ద.

"గోడ సున్నం," అన్నాడు ఘోషాల్.

"గోడ పసుపు."

"అయితే ఆ ముసలిదాని పాదాల మట్టి."

"ఆమె నడిచేది వట్టికాళ్ళతో. ఇది బూటు ముందుభాగం నుంచి రాలిన సుద్ద. మూడు చోట్ల, మూడు వైపులకి తిరిగి ఉంది. వెనకవాడు తల పట్టుకున్నాడు. పక్కవాడు ముక్కు నొక్కాడు. ఎదుటివాడు పోశాడు. ముగ్గురు."

ఘోషాల్ సిగరెట్టు నోట్లోంచి తీశాడు. పరబ్రహ్మం లేచి వంటింట్లోకి నడిచాడు. లాంతరులో కిరసనాయిలు పోసే రేకు గరాటు మేకుకి వేలాడుతోంది. వాసన చూసి ఇన్‌స్పెక్టర్‌కి అందించాడు. కిరసనాయిలు వాసనకి బదులు, జిడ్డుగా, మందంగా ఆముదం వాసన.

"దాదా, చిన్నప్పుడు మీకు మందు దేంతో పట్టేవారు?"

"అదేం ప్రశ్న? ఝినుక్‌తో. అందరి ఇళ్ళల్లోనూ అంతే."

"మా ఇళ్ళల్లో ఉగ్గుగిన్నె అంటాం. ఈమె ఎంతమంది పిల్లలకి ఆముదం పట్టి ఉంటుందో. కడుపు బిగిసినవాడికి మందు పట్టే ఆడది ఉగ్గుగిన్నె తీసుకుంటుంది, చెంచా తీసుకుంటుంది. గరాటు తీసుకోదు. గరాటు మందుకోసం కాదు, అవమానం కోసం. అప్పలనర్సమ్మ చెప్పిన కథ మీరూ విన్నారు. ఆ కథ తెలిసినవాళ్ళు ఆ కథలోలాగే చేశారు. చంపాలని రాలేదు. నోరు మూయించాలని వచ్చారు. ముసలి గుండె తట్టుకోలేదు."

ఘోషాల్ గరాటుని మళ్ళీ వాసన చూశాడు. అతను మొండివాడే, మూర్ఖుడు కాదు. కాసేపటికి, "సరే," అన్నాడు. "ముసలిదాన్ని వదిలేస్తాను. కానీ మీ లెక్క ప్రకారమే ఇది ఇటలీ ఆచారం. ఈ ఊళ్ళో ఇటలీవాడు ఒక్కడే ఉన్నాడు. కూలి మనుషుల్ని ఇద్దర్ని పెట్టుకున్నాడు. సాయంత్రంలోగా అతన్ని లోపల వేస్తాను."

"నేను ముందు మాట్లాడాక వేయండి."

"మాట్లాడండి. ఒకటే షరతు. అతను మీ చేతుల్లోంచి జారిపోతే, మీ లైసెన్సు గురించి కలకత్తాకి నేనే రాస్తాను."

"నేను చెప్పింది తప్పయితే రాయండి."

*

రిఫ్రెష్‌మెంట్ రూము గుమ్మానికి అటొకడు ఇటొకడు వాలంటీర్లు నిలబడి ఉన్నారు. లోపల మూలబల్ల దగ్గర ఒక నడివయసు తెల్లవాడు, చల్లారిపోయిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నిద్రలేని కళ్ళు.

పరబ్రహ్మం ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు. "మీ నాన్నగారికి కళ్ళజోడు ఉండేదా?"

బెల్లాంది చెయ్యి కప్పుకి తగిలి కాఫీ బల్లమీద ఒలికింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"రినాల్దియే చెప్పాడు. నాకు కాదు, తన వంటమనిషికి. ఆముదం పోసినప్పుడు కళ్ళజోడు కింద పడిందనీ, ఆ కళ్ళు తల్లికోసం వెతుక్కునే దూడ కళ్ళలా ఉన్నాయనీ చెప్పేవాడట. కుర్చీలో ఉన్నవాడికి తన కళ్ళు ఎలా కనిపిస్తాయి? ఆ కళ్ళు చూసినవాడు కుర్చీకి ఎదురుగా నిలబడి ఉండాలి. చేతిలో సీసాతో. ఇన్నేళ్ళ తరవాత వచ్చి అతని చేత అన్నం మాన్పించినవాడు ఆ కుర్చీలోవాడి కొడుకే అయ్యుండాలి."

ప్లాట్‌ఫారం మీద ఏదో గూడ్సు సాగిపోతూ గది అద్దాల్ని అదిలించింది. ఆ చప్పుడు తగ్గాక బెల్లాంది మొదలుపెట్టాడు.

"మాది పో నది ఒడ్డున చిన్న ఊరు. మా నాన్న బడిపంతులు. సాయంత్రాలు కూలీలకి బృందగానం నేర్పేవాడు. అందులో అందరికంటే బాగా పాడే కుర్రవాడు రినాల్ది. మా ఇంట్లోనే తినేవాడు. ఒక పాటకి మా నాన్న కట్టిన వరస ఆ బృందం తప్ప ఎవరూ పాడలేదు. పదిరోజుల క్రితం ఈ స్టేషన్లో ఎవరో ఆఫీసరుకి స్వాగతమని బేండు వాయిస్తున్నారు. నేను రైలు దిగుతున్నాను. అదే వరస! సామాను అక్కడే వదిలేసి నిలబడిపోయాను."

"శిష్యుడే గురువుకి పోశాడన్నమాట."

"మొదటి ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్ళకి పనుల్లేవు. సమ్మెలంటే పొలాలవాళ్ళకి భయం. ఒకాయన వచ్చి కుర్రాళ్ళకి నల్ల చొక్కాలు కుట్టించాడు, వీధుల్లో కవాతు చేయించాడు. మొదట్లో ఊరంతా చప్పట్లు కొట్టింది. బాగుందనుకున్నారు, శిస్తుగా ఉన్నారనుకున్నారు. తరవాత కర్రలొచ్చాయి. ఆ తరవాత ఆముదం. నేను ఆరేళ్ళవాణ్ణి, గుమ్మంలో నిలబడి చూశాను. కత్తితో పొడిచి ఉంటే ఊరు తిరగబడేదేమో. కానీ పంతులు వీధిలో బట్టలు పాడుచేసుకుంటూ నడిచాడు. జనం నవ్వారు. నవ్విన తరవాత ఇంకెవరు తిరగబడతారు? మా నాన్న మళ్ళీ పాడలేదు. ఆ చలికాలం దాటలేదు. మరుసటేడు వాళ్ళు రోము చేరి గద్దె ఎక్కారు. ఇంకో మూడు నాలుగేళ్ళకి దేశం మొత్తానికి ఒకే పార్టీ, ఒకే గొంతు."

"మరి రినాల్ది ఎందుకు పారిపోయాడు?"

"గద్దె ఎక్కినవాళ్ళకి పెద్దమనుషుల్లా కనిపించాలని ఉంటుంది. పని తీరాక కర్రల్ని పొయ్యిలో పెట్టారు. ఏదో హత్య ఇతని నెత్తిన పడేయబోతే ఓడెక్కేశాడు. ఇక్కడికి వచ్చాక ఎవరో అడిగారట, ఎందుకొచ్చావని. నోటికి మా నాన్న కథ వచ్చిందట, తన కథగా. 'ఒక్కరోజైనా తాగినవాడిగా బతకాలనిపించింది. ఆ ఒక్కరోజు ముప్ఫయ్యయిదేళ్ళయింది' అన్నాడు."

"మీరు అతన్ని చంపాలనుకున్నారా?"

"చిన్నప్పటినుంచీ." బెల్లాంది సూటిగా చూశాడు. "కానీ తలుపు తీసి, నా మొహం చూసి, నన్ను మా నాన్న పేరుతో పిలిచి, కింద కూలబడ్డాడు. అప్పుడు నాకు అతను ఆదివారం దాకా బతకాలనిపించింది."

"ఆదివారం ఏముంది?"

"బేండు అంతా కలిసే రోజు. వాళ్ళ ముందు నిలబడి నిజం చెప్పమన్నాను. ఒప్పుకున్నాడు. అంతటితో ఆగలేదు. 'రెండు నిజాలు చెప్పాలి' అన్నాడు."

పరబ్రహ్మం ముందుకి వంగాడు.

"ఈ ఊళ్ళో అతనికి ఒక శిష్యుడున్నాడట. చాలా శ్రద్ధగలవాడట. ఒక సమ్మె తరవాత వచ్చి అడిగాడట, గుప్పెడుమంది ఊరినంతా ఎలా లొంగదీశారు మాస్టారూ అని. ఇతనికి ముసలితనం, వినేవాడు దొరికాడన్న సంబరం. టోపీలు ఎందుకు, కవాతు ఎందుకు, ముందు మంచిపనులు ఎందుకు చేయాలి, ఎప్పుడు కర్ర తీయాలి, అన్నీ చెప్పాడు. ఆముదం సంగతి కూడా. చూసినవాడిగా చెబుతున్నాననుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ సమ్మె మాట వినిపిస్తోంది. ఆ శిష్యుడు వచ్చి, యూనియన్ వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి పోస్తే చాలు కదా మాస్టారూ అన్నాడట. రినాల్దికి అప్పుడు తెలిసింది, తను నేర్పింది సంగీతం ఒక్కటే కాదని."

"పేరు?"

"చెప్పలేదు. ఆదివారం అందరి ముందూ చెబుతానన్నాడు."

"ఈ సంగతి మీ ఇద్దరికి తప్ప ఇంకెవరికి తెలుసు?"

"నేను బయల్దేరేటప్పుడు వంటావిడ లోపలికి వచ్చింది. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. 'ఆదివారం నా నోటినుంచి ఒకటి వింటావు, ఆ తరవాత నాకు అన్నం పెట్టవు' అని మీ భాషలో ఆమెతోనూ, మా భాషలో నాతోనూ అంటూంటే ఆవిడ కేకలేసింది. అవి కోపం కేకలు కావు. భయం."

పక్క క్వార్టర్ వాళ్ళు విన్న పోట్లాట అదన్నమాట. పరబ్రహ్మం లేచాడు. "ఇక్కడే కూర్చోండి. పోలీసులు వస్తే వాళ్ళతో వెళ్ళండి. వేరే ఎవరు పిలిచినా కదలొద్దు."

గుమ్మం దాటగానే వాలంటీర్లలో ఒకడు ఎడంగా జరిగి సెల్యూట్ కొట్టాడు. "సెక్రటరీగారు మీక్కూడా తోడుండమన్నారు సార్."

అతను జరిగినచోట ప్లాట్‌ఫారం నల్లరాయి మీద రెండు తెల్లటి మరకలు. పరబ్రహ్మం చూపు మెల్లగా ఆ కుర్రవాడి కాళ్ళ మీదికి వెళ్ళింది. మల్లెపువ్వుల్లాంటి కాన్వాసు బూట్లు. పొద్దున్నే తడిసుద్ద పట్టించి ఆరబెట్టినవి.

డోళ్ళ పటకాలకి ఆముదం. బొగ్గుల గదిలో సీసా ఎక్కడుందో తెలిసిన చేతులు. శిస్తు. టోపీలు. పెళ్ళిళ్ళకీ అగ్నిప్రమాదాలకీ ముందుగా పరిగెత్తే మంచితనం.

"మీ సెక్రటరీగారు మాస్టారి దగ్గరే బేండు నేర్చుకున్నారా?" మామూలుగా అడిగాడు.

"ఆయనే మొదటి శిష్యుడు సార్," కుర్రవాడు గర్వంగా అన్నాడు. "మాస్టారంటే ఆయనకి ప్రాణం."

పరబ్రహ్మానికి అప్పుడు అర్థమైంది. తనని కలకత్తానుంచి పిలిపించింది ముసలమ్మని విడిపించడానికి కాదు. ఆమె మీద కేసు నిలవదని గణపతిరావుకి తెలుసు. నిలవని కేసుని ఒక పేరున్న డిటెక్టివ్ చేత పడగొట్టించి, ఆ డిటెక్టివ్ చేతనే ఇటలీవాడి మెడకి తాడు కట్టించాలని చూశాడు. సగం పని తను చేసేశాడు కూడా. ముసలమ్మ నిర్దోషి అని ఘోషాల్‌ని ఒప్పించింది తనే.

ఎదురుగా ఉన్న రిక్షాలోకి ఎగిరి కూర్చున్నాడు. "ఠాణాకి. జల్దీ!"

*

ఘోషాల్ బల్ల దగ్గర తీరుబడిగా టీ తాగుతున్నాడు. "రండి మొశాయ్. ఇటలీవాడు ఒప్పుకున్నాడా?"

"అప్పలనర్సమ్మ ఎక్కడ?"

"మాట ఇచ్చానుగా. వదిలేశాను."

"ఒక్కర్తినీ పంపారా?"

"నన్ను ఏమనుకుంటున్నారు? ఆ వయసు మనిషిని ఒంటరిగా పంపుతానా? మీ క్లయింటే కారు తీసుకొచ్చాడు. పూచీ రాసిచ్చి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. మీరు అతని మనిషే కదా అని నేనూ అడ్డు చెప్పలేదు."

పరబ్రహ్మం బల్ల అంచు పట్టుకున్నాడు. "వెళ్ళేముందు ఆమె ఏమైనా అందా? గుర్తు తెచ్చుకోండి. ఒక్క మాటైనా."

అతని మొహం చూసి ఘోషాల్ కప్పు కింద పెట్టాడు. "మెట్లమీద ఆగింది. ఏడుస్తూ అతనితో ఏదో అంది. తెలుగు మొత్తం నాకు రాదు, కానీ ఇది తెలిసింది. మాస్టారు ఆదివారం ఏదో బయటపెడతానన్న సంగతి మొన్న సాయంత్రమే అతని చెవిన వేసిందట. పెద్దవాడు కదా, మాస్టారికి ధైర్యం చెబుతాడని. ఒట్టు తప్పినందుకే మాస్టారు పోయారని గుండె బాదుకుంది. ఇప్పుడా మాట నాకూ మీకూ చెప్పేయొచ్చా అని అతన్నే అడిగింది."

"అతనేమన్నాడు?"

"భుజం మీద చెయ్యి వేసి, 'రా నర్సమ్మా, నేనే దగ్గరుండి చెప్పిస్తాను' అన్నాడు." ఘోషాల్ తను పలికిన మాట అప్పుడే తనకి అర్థమైనట్టు ఆగిపోయాడు. "పరబ్రహ్మం బాబూ... ఆ సుద్ద..."

"వాలంటీర్ల బూట్లది. ఆమె ఇల్లెక్కడ?"

"ఝపటాపూర్." ఘోషాల్ అప్పటికే టోపీ అందుకుని గుమ్మం వైపు కేకేశాడు. "నూకయ్యా! ఆ కారు ఎంతసేపయింది వెళ్ళి? ఝపటాపూర్ దారినే పోయిందా?"

గుమ్మంలో కాపలా ఉన్న కానిస్టేబుల్ నూకయ్య అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"ఇప్పుడే సార్. ఝపటాపూర్ కాదు సార్, ఊరవతల నిమ్‌పురా గూడ్సు యార్డు పక్క మళ్ళింది. ఎనక సీట్లో ముసలమ్మకి అటొకడు ఇటొకడు వాలంటీర్లు కూకున్నారు. నన్ను సూసి సెయ్యూపింది సార్. నవ్వుతానే ఉంది."